కొత్త పాలకవర్గం ప్రమాణ స్వీకారం: నోటీసు నుంచి మినిట్స్ సంతకం వరకు

ఎన్నికల ధ్రువపత్రంలో ఒక పేరు, ప్రమాణ పత్రంలో ఇంకో పేరు, వార్డులో జనం పిలిచేది మూడో పేరు. నేను ఒక చిన్న మున్సిపాలిటీలో కౌన్సిల్ విభాగం చూస్తున్న రోజుల్లో ఈ సంగతి సరిగ్గా ప్రమాణం రోజున, అదీ మైకులో బయటపడింది. ఆవిడ తొలిసారి గెలిచిన కౌన్సిలర్. కాగితం ఒకసారి చూసి, తల ఎత్తి, ధైర్యంగా తన అసలు పేరు చెప్పి "అనే నేను" అన్నారు. వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "ఆ పేరుతో ఎవరూ గెలవలేదే!" అన్నారు. పావుగంట సభ ఆగింది. తప్పు ఆవిడది కాదు, నాది. పత్రాలు కంప్యూటర్‌లో కొట్టించేటప్పుడు ధ్రువపత్రాల నకళ్లు పక్కన పెట్టుకోకుండా, పార్టీవాళ్లు ఇచ్చిన జాబితా చూసి కొట్టించాను.

ఐదేళ్లకోసారి వచ్చే పని ఇది. కిందటిసారి చేసిన గుమాస్తా రిటైర్ అయి ఉంటాడు, మేనేజరు బదిలీ మీద వెళ్లి ఉంటాడు, కమిషనర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ప్రతిసారీ కార్యాలయంలో అందరికీ ఇది మొదటిసారే. కొత్తగా గెలిచినవారికీ మొదటిసారే. ఈ రెండు పక్షాలవారి కోసమే ఈ మార్గదర్శి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మున్సిపాలిటీకైనా నగరపాలక సంస్థకైనా పనికొస్తుంది. రెండు రాష్ట్రాల చట్టాలు వేరు, నిబంధనల అంకెలు వేరు. పని జరిగే వరుస మాత్రం ఇంచుమించు ఒకటే.

మొదటి అడుగు: ఆ తేదీ బరువు తెలుసుకోండి

గెలుపు ప్రకటించిన రోజు నుంచే పదవి మొదలైందని చాలామంది అనుకుంటారు. ఫ్లెక్సీలు కూడా ఆ లెక్కనే కడతారు. రాజ్యాంగం లెక్క వేరు. 243యు అధికరణ ప్రకారం మున్సిపాలిటీ కాలపరిమితి మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి ఐదేళ్లు, అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు. అంటే గడియారం తిరగడం మొదలయ్యేది ప్రమాణం జరిగే ఆ ప్రత్యేక సమావేశంతోనే.

హైదరాబాద్ సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. అక్కడి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి 2020 డిసెంబరు 1న పోలింగ్, 4న లెక్కింపు జరిగాయి. గెలిచిన కార్పొరేటర్లు మాత్రం 2021 ఫిబ్రవరి 11 దాకా ఆగాల్సి వచ్చింది. పాత పాలకవర్గం ఐదేళ్లు ఫిబ్రవరి 10న ముగిశాయి కాబట్టి అంతకు ముందు కొత్తవారికి కుర్చీ లేదు. రెండు నెలలకు పైగా వారు గెలిచినవారే కానీ సభ్యులు కారు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయిన ఏడాది ఇంకో తమాషా జరిగింది. 2014 మార్చి 30న పట్టణాల్లో ఓట్లు వేశారు, మే 12న లెక్కపెట్టారు, సభ్యుల ప్రమాణం, చైర్‌పర్సన్ల ఎన్నిక జూలై 3న జరిగాయి. ఓటు వేసింది ఒక రాష్ట్రంలో, ప్రమాణం చేసింది రెండు రాష్ట్రాల్లో.

కాబట్టి కొత్త కౌన్సిలర్లకు ఒక మాట. ప్రమాణానికి ముందు మీ లెటర్‌హెడ్ మీద సిఫార్సు లేఖలు ఇవ్వకండి, పారిశుద్ధ్య సిబ్బందికి హుకుంలు జారీ చేయకండి. ప్రమాణం చేయనిదే సభలో కూర్చోవడానికీ ఓటు వేయడానికీ హక్కు లేదు.

రెండో అడుగు: నోటీసు అందించడం, అందినట్టు సంతకం తీసుకోవడం

తేదీ మీరు పెట్టేది కాదు. రాష్ట్ర ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇస్తుంది, సమావేశాన్ని నడపడానికి ప్రిసైడింగ్ అధికారిని నియమిస్తారు. నగరపాలక సంస్థల్లో సాధారణంగా కలెక్టరు స్థాయి అధికారి, మున్సిపాలిటీల్లో ఆర్డీవో, సబ్‌కలెక్టరు వంటివారు వస్తారు. మున్సిపల్ కమిషనర్ ఏర్పాట్లు చూస్తారు గానీ సభను నడపరు. ఈ తేడా తెలియక కొత్త సభ్యులు గొడవ వచ్చినప్పుడల్లా కమిషనర్ బల్ల దగ్గరికే పరుగెత్తుతారు.

ముహూర్తం గురించి తప్పకుండా ఫోన్లు వస్తాయి. "రాహుకాలం దాటాక పెట్టించండి" అని ఒకరు, "నాకు అష్టమి కలిసిరాదు" అని ఒకరు. నోటిఫికేషన్‌లో ఉన్న సమయం మార్చే అధికారం ఎవరికీ లేదని మర్యాదగా చెప్పండి. చాంబర్‌లో బాధ్యతలు చేపట్టే రోజు మాత్రం మేయర్ లేదా చైర్‌పర్సన్ తమ ఇష్టం వచ్చిన ఘడియలో పెట్టుకోవచ్చు. అలాగే పెట్టుకుంటారు కూడా.

నోటీసు అందించడం వినడానికి తేలిక. ఎన్నికల తర్వాత సభ్యులు ఇంట్లో ఉంటే కదా! ఫలితం అటూ ఇటూగా ఉన్న ఊళ్లో గెలిచినవారిని ఆ రాత్రే బస్సు ఎక్కించి క్యాంపుకు తీసుకుపోతారు. ఏ రిసార్టులో ఉన్నారో ఇంట్లోవాళ్లకే తెలియదు. అందుకని బిల్ కలెక్టరును ఒక్కడినే పంపకండి, ఇద్దరిని పంపండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వారి చేతికిచ్చి, పేరు, బంధుత్వం, సమయం రాయించి సంతకం తీసుకోండి. తీసుకోకపోతే తలుపుకు అంటించి, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలతో పంచనామా రాసి, ఫొటో తీయండి. రేపు "నాకు నోటీసే రాలేదు" అని కోర్టుకు వెళితే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే. ఫోనులో సందేశం కూడా పంపండి, కాకపోతే దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

మూడో అడుగు: చైర్‌పర్సన్ ఎన్నికలో ఓటు వేసేవారి జాబితా, ముఖ్యంగా ఎక్స్‌అఫీషియో సభ్యులు

గెలిచినవారి జాబితా తయారుచేయడం సులువు. చిక్కంతా ఎక్స్‌అఫీషియో సభ్యులతోనే. ఆ ప్రాంతపు ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు చట్టంలో చెప్పిన మేరకు పదవి రీత్యా సభ్యులవుతారు. చైర్‌పర్సన్ ఎన్నికలో ఓటు వేస్తారు. ఒక ఎంపీ నియోజకవర్గంలో నాలుగైదు పట్టణాలు ఉండొచ్చు. ఓటు మాత్రం ఒక్కచోటే. ఎక్కడ వాడుకుంటారో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట, పీఏ ఫోను లెక్కలోకి రావు.

ఇది చిన్న విషయం అనుకుంటే మన కళ్లముందు జరిగినవి మూడు చెబుతాను.

తాడిపత్రిలో 2021 మార్చిలో 36 వార్డులకు టీడీపీ 18, వైఎస్సార్‌సీపీ 16 గెలిచాయి. సీపీఐకి ఒకటి, స్వతంత్రుడికి ఒకటి. వైఎస్సార్‌సీపీకి ఎమ్మెల్యే, ఎంపీల రెండు ఎక్స్‌అఫీషియో ఓట్లు కలిస్తే 18కి 18. సీపీఐ సభ్యుడు, స్వతంత్రుడు ఎటు మొగ్గితే అటు పీఠం. ఇద్దరూ టీడీపీ వైపు నిలవడంతో జేసీ ప్రభాకర్‌రెడ్డి చైర్మన్ అయ్యారు.

నేరేడుచర్లలో 2020 జనవరి 27న జరగాల్సిన చైర్‌పర్సన్ ఎన్నిక, రాజ్యసభ సభ్యుల ఎక్స్‌అఫీషియో ఓట్ల మీద తగువుతో మర్నాటికి వాయిదా పడింది.

కొండపల్లిది మరీ పెద్ద కథ. 2021 నవంబరులో 29 వార్డుల్లో టీడీపీ, వైఎస్సార్‌సీపీలకు చెరి 14, ఒక స్వతంత్ర సభ్యురాలు. ఆమె టీడీపీ వైపు వెళ్లారు. ఎమ్మెల్యే ఓటు వైఎస్సార్‌సీపీకి, ఎంపీ ఓటు టీడీపీకి. ఎంపీ ఓటు అక్కడ చెల్లుతుందా లేదా అన్నది హైకోర్టు గడప తొక్కింది. 22న, 23న సమావేశం గందరగోళంలో వాయిదా పడింది. 24న కోర్టు ఆదేశాలతో ఎన్నిక జరిపి, ఫలితం ప్రకటించకుండా ఆపారు.

అందుకే జాబితా మీద ప్రిసైడింగ్ అధికారి చేత ముందు రోజు సాయంత్రమే సంతకం చేయించుకోండి. జాబితాలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టే కోరం, అంటే సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు, కూడా. ఓటు హక్కున్నవారిలో సగం మంది ఉండాలి. హైదరాబాద్‌లో 2021లో 150 డివిజన్లకు గాను ఒకచోట గెలిచిన అభ్యర్థి ప్రమాణానికి ముందే మరణించారు. మిగిలిన 149 మంది కార్పొరేటర్లకు 44 మంది ఎక్స్‌అఫీషియో సభ్యులు కలిసి 193 మంది; కోరం 97. ఒక్క పేరు అటూ ఇటూ అయితే ఈ అంకె మారుతుంది. హాలు గుమ్మం దగ్గర హాజరు పట్టిక పట్టుకుని కూర్చునే మనిషికి ఈ అంకె కంఠతా వచ్చి ఉండాలి.

నాలుగో అడుగు: ప్రమాణ పత్రాలు

ఇదే అసలు పని. పూలదండలు, శాలువాలు, టీవీ కెమెరాలు అన్నీ ఈ ఒక్క కాగితం చుట్టూనే.

ప్రమాణం మాటలు మీకు చెవులకు అలవాటే: "...అనే నేను, ... సభ్యుడిగా ఎన్నికైనందున, శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని, భారతదేశ సార్వభౌమాధికారాన్ని, సమగ్రతను కాపాడుతానని, నేను చేపట్టబోయే కర్తవ్యాన్ని శ్రద్ధతో నిర్వహిస్తానని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను." ఇంచుమించు ఇలా ఉంటుంది. ఇక్కడ రాసినదాన్ని మాత్రం నకలు చేయకండి. మీ సంస్థకు వర్తించే చట్టం కింద ఇచ్చిన నమూనా, ఎన్నికల సంఘం పంపిన ప్రతి తెప్పించుకుని అక్షరం పొల్లుపోకుండా అదే వాడండి. కిందటిసారి ఫైలులోని ప్రతిని గుడ్డిగా వాడినా ప్రమాదమే. తెలంగాణలో మున్సిపాలిటీలకు 2019లో కొత్త చట్టం వచ్చింది. అంతకు ముందు పత్రం మీద పాత చట్టం పేరే ఉంటుంది.

దేవుడి పేరిట చేయాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. నమ్మకం లేనివారు, లేదా అలా చేయడం ఇష్టం లేనివారు "దైవసాక్షిగా ప్రమాణం" బదులు "సత్యనిష్ఠతో ధ్రువీకరిస్తున్నాను" అనే రకం వాక్యం చదువుతారు. వామపక్ష సభ్యులున్న ఊళ్లో రెండు రకాల పత్రాలూ సిద్ధంగా ఉంచకపోతే ఆ క్షణాన పెన్నుతో కొట్టివేతలు మొదలవుతాయి. కొట్టివేత ఉన్న పత్రం మీద సంతకం పెట్టించడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. ముందు రోజే ఒక్కొక్కరినీ అడిగి, పేరు ఎదురుగా దైవసాక్షి అనో ధ్రువీకరణ అనో రాసుకోండి.

అందులో లేని మాటలు కలపడం ఈ మధ్య బాగా ఎక్కువైంది. ఇలవేల్పు పేరు, పార్టీ అధినేత పేరు, స్వర్గస్థులైన నాన్నగారి పేరు, చివర ఒక నినాదం. ఉత్సాహం అర్థం చేసుకోదగ్గదే. చట్టం మాత్రం అంత ఉదారంగా చూడదు. కేరళలో 2001లో గెలిచిన ఒక ఎమ్మెల్యే దేవుడి పేరు స్థానంలో శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేశారు. అది చెల్లదని హైకోర్టు అన్నాక ఆయన మళ్లీ ప్రమాణం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఎవరైనా వాక్యం మార్చి చదివితే ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే ఆపి, మొదటినుంచి చదివించడమే మంచిది. ఆ నిమిషం ఇబ్బందిగా ఉంటుంది. పోనీలే అని వదిలేస్తే తర్వాత కోర్టులో ఇబ్బంది పడాల్సి వస్తుంది. నినాదం చేయాలనిపిస్తే సంతకం పెట్టి బయటికి వచ్చాక, షామియానా కింద చేసుకోవచ్చు.

భాష సంగతి. మన ఊళ్లలో తెలుగు సరిపోతుందనుకోకండి. పాతబస్తీలోనే కాదు, నిజామాబాద్, ఆదిలాబాద్, కర్నూలు, కడప వంటి చోట్ల ఉర్దూ అడిగేవారు ఉంటారు. జీహెచ్‌ఎంసీలో 2021లో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ నాలుగు భాషల్లోనూ ప్రమాణం చేయించారు. ఉర్దూ పత్రాన్ని ఉర్దూ చదవగలిగిన మనిషి చేత ఒకటికి రెండుసార్లు దిద్దించండి. అక్షరాలు విడివిడిగా, తలకిందులుగా అచ్చయిన పత్రాన్ని ఒకసారి నేనే చూశాను.

ఇక కాగితం రూపు. మందపాటి కాగితం, పెద్ద అక్షరాలు, వాక్యాన్ని ఊపిరి తీసుకునే చోట విరిచి ఐదారు వరుసలుగా అమర్చండి. "సార్వభౌమాధికారాన్ని" అన్న మాట పంక్తి చివర రెండుగా తెగితే తొలిసారి మైకు ముందు నిలబడినవారి గొంతు అక్కడే తెగుతుంది. పేరు స్థానంలో ధ్రువపత్రంలో ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా. నా మొదటి కథ గుర్తుంది కదా. ప్రతి పత్రం రెండు ప్రతులు: చేతిలోకి ఒకటి, సంతకానికి ఒకటి. చదివేది చెమటకు తడుస్తుంది, నలుగుతుంది. ఫైలులోకి వెళ్లేది నీట్‌గా ఉండాలి.

ఐదో అడుగు: హాలు

కుర్చీలు వేయించే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి. సభ్యులకు, ఎక్స్‌అఫీషియోలకు పేరు పలకలతో లోపలి వరుసలు. మేయర్ ఎన్నిక చేతులెత్తే పద్ధతిలో జరుగుతుంది కాబట్టి పార్టీలవారీగా కూర్చోబెట్టడం లెక్కకు సులువు, పైగా తోపులాట తక్కువ. కుటుంబ సభ్యులకు, విలేకరులకు వెనక వేరు చోటు, మధ్యలో తాడో బారికేడో. గుమ్మం ఒకటే తెరిచి ఉంచి, గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపండి. బయట జనం గుమిగూడకుండా పోలీసులు ఆంక్షలు పెడతారు. అందరూ దాన్ని ఇప్పటికీ 144 సెక్షన్ అనే అంటారు. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 163.

మైకు రెండు, జనరేటర్ డీజిల్‌తో సహా ఒకటి. డీజిల్ అని ఎందుకు విడిగా చెబుతున్నానంటే, జనరేటర్ ఉంది కదా అన్న ధీమాతో ఉండి చీకట్లో టార్చి వెలుగులో సంతకాలు పెట్టించిన ఘనత మా కార్యాలయానిదే. సంతకాల బల్ల వేదికకు ఒక పక్కగా ఉండాలి. నాలుగు పెన్నులు, స్టాంప్ ప్యాడ్, బరువుకు ఒక పేపర్‌వెయిట్. ఫ్యాను గాలికి ప్రమాణ పత్రాలు ఎగిరిపోతే ఏరుకోవడం ఎవరికీ గౌరవం కాదు.

దండలు, బాణసంచా, డప్పులు ప్రహరీ బయట. లోపలికి ఒక్క దండ రానిస్తే ఇక యాభై వస్తాయి.

ఆరో అడుగు: కొత్త సభ్యులు చేయాల్సింది

వెంట తెచ్చుకోవాల్సినవి: ఎన్నికల ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, నోటీసు ప్రతి. చదివేటప్పుడు కళ్లజోడు వాడేవారైతే అది కూడా. ఎంతమంది మర్చిపోతారో చెబితే నమ్మరు.

ప్రమాణ పత్రం ఒక ప్రతిని ముందు రోజు తీసుకుని ఇంట్లో పైకి పదిసార్లు చదవండి. మనసులో చదివితే లాభం లేదు. "విధేయత", "సార్వభౌమాధికారం", "సమగ్రత" నాలుకకు అలవాటు కావాలి. చదువు రానివారు భయపడాల్సిన పనే లేదు. ప్రిసైడింగ్ అధికారి ముక్కముక్కగా చెబుతుంటే వెంట అనవచ్చు, సంతకం రాకపోతే వేలిముద్ర చెల్లుతుంది. మా పట్టణంలో కూరగాయలు అమ్ముకుంటూ గెలిచిన ఒక పెద్దావిడ వారం రోజులు మనవరాలి దగ్గర సంతకం నేర్చుకుని వచ్చింది. స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపితే వెనక్కి తోసేసి పెన్ను అడిగింది. తన పేరులోని మూడక్షరాలు రాయడానికి ఆవిడకు పూర్తి నిమిషం పట్టింది. ఆ నిమిషం హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. కౌన్సిలర్ భర్తకు హాజరు పట్టికలో గడి లేదు. భార్య కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని, పత్రం వెనకనుంచి అందిస్తూ, "ఇక్కడ పెట్టు సంతకం" అని వేలు చూపించే భర్తల్ని, కొడుకుల్ని, మరుదుల్ని నేను చాలామందిని చూశాను. సిబ్బందికి వారిని లేపడం మొహమాటం. ఆ మొహమాటం ఆ రోజు మానుకోకపోతే ఐదేళ్లూ ఆయనే సమావేశాలకు వస్తాడు. "అయ్యా, మీకు వెనక చోటు ఉంచాం" అని డఫేదారు చేత చెప్పించండి; అధికారి కంటే డఫేదారు చెబితేనే గొడవ తక్కువ.

విప్ గురించి కూడా తెలుసుకుని రండి. గుర్తింపు పొందిన పార్టీలు ఎవరికి ఓటు వేయాలో విప్ జారీ చేయవచ్చు. విప్ జారీ చేసే మనిషి పేరు ముందుగానే ప్రిసైడింగ్ అధికారికి అందాలి. ఉల్లంఘిస్తే పదవి పోతుంది. వేసిన ఓటు మాత్రం లెక్కలోకి వస్తుంది. ఈ రెండూ కలిపి ఆలోచించుకోండి.

ఏడో అడుగు: ఆ రోజు జరిగే వరుస

జీహెచ్‌ఎంసీలో 2021 ఫిబ్రవరి 11న ఉదయం 11 గంటలకు ప్రమాణం, మధ్యాహ్నం 12:30కు మేయర్ ఎన్నిక పెట్టారు. ఆ గంటన్నర వ్యవధి అవసరం. ప్రమాణాలు సాగుతూ ఉండగానే ఎన్నిక మొదలుపెట్టకూడదు. ఎవరు సభ్యులయ్యారో తేలాకే ఎవరు ఓటు వేస్తారో తేలుతుంది.

సమయానికి ప్రిసైడింగ్ అధికారి ఆసనంలో కూర్చుని నోటిఫికేషన్ చదివి సమావేశం ప్రారంభిస్తారు. వార్డు సంఖ్య వరుసలో పేర్లు పిలుస్తారు. సభ్యులు తక్కువగా ఉన్న ఊళ్లో ఒక్కొక్కరూ విడిగా చదవడం అందంగా ఉంటుంది. 30 వార్డులకు గంటలోపు అయిపోతుంది. పెద్ద నగరాల్లో భాషలవారీగా అందర్నీ ఒకేసారి నిలబెట్టి చదివిస్తారు. ఎలా చదివించినా సంతకం మాత్రం ఒక్కొక్కరే వచ్చి పెట్టాలి. గుంపులో పెదవులు కదిపినవారు ఎవరో, కదపనివారు ఎవరో తర్వాత చెప్పేది ఆ సంతకమే.

"అనే నేను" దగ్గర అధికారి ఆగాలి. పేరు సభ్యుడే చెప్పుకోవాలి. కొందరు అధికారులు తొందరలో పేరు కూడా తామే చదివేస్తారు, సభ్యుడు పాపం ఆ పేరునే మళ్లీ అప్పజెబుతాడు. ఐదేళ్లలో ఒక్కసారి నిండు సభలో తన పేరు తాను చెప్పుకునే అవకాశం అది.

చదవడం, సంతకం, హాజరు పట్టికలో టిక్కు, కుర్చీ. ఈ నాలుగూ ఇదే వరుసలో. ఆలస్యంగా వచ్చినవారు నేరుగా కుర్చీలో కూర్చోకుండా బల్ల దగ్గరున్న గుమాస్తా కనిపెట్టుకోవాలి. వారికి ముందు ప్రమాణం, ఆ తర్వాతే ఓటు.

ఎనిమిదో అడుగు: మేయర్ లేదా చైర్‌పర్సన్ ఎన్నిక

ఇక్కడికి వచ్చేసరికి కెమెరాలన్నీ మేలుకుంటాయి. పార్టీ అభ్యర్థి పేరు చివరి నిమిషంలో సీల్డ్ కవర్‌లో వస్తుంది. అప్పటిదాకా తానే అనుకుని పట్టుచీర కట్టుకుని వచ్చినవారు కనీసం ఇద్దరుంటారు. ఆ కవర్ తెరిచేటప్పుడు వారి వైపు చూడకండి.

కోరం ఉందని ప్రకటించాక ఒకరు పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఒక్క పేరే వస్తే ఏకగ్రీవం. ఎక్కువ వస్తే ఒక్కో అభ్యర్థికి విడిగా చేతులెత్తమంటారు. ఎత్తిన చేతుల్ని తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి వదిలేయకండి. ఎవరెవరు ఎత్తారో పేర్లు రాయాలి. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం మూడు గడుల కాగితం ముందే కొట్టించి, ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా రాసి చివర సరిచూసుకోవాలి. విప్ ధిక్కారం ఫిర్యాదు వచ్చినప్పుడు అందరూ అడిగేది ఆ కాగితమే. వీడియో కూడా తీయిస్తారు కానీ వెనక వరుసలో సగం ఎత్తిన చెయ్యి వీడియోలో తేలదు. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు; చీటీలు ఒకే కొలత, ఒకే మడత. కోరం లేకపోతే కాసేపు వేచి చూసి మర్నాటికి వాయిదా వేస్తారు. సెలవు రోజైనా సరే.

ఫలితం ప్రకటించి ధ్రువపత్రం ఇచ్చాక డిప్యూటీ మేయర్ లేదా వైస్ చైర్‌పర్సన్ ఎన్నిక ఇదే పద్ధతిలో.

తొమ్మిదో అడుగు: జనం వెళ్లిపోయాక

మినిట్స్ ఆ సాయంత్రమే రాయాలి. రేపు అనుకుంటే ప్రిసైడింగ్ అధికారి తన ఊరికి వెళ్లిపోతారు, సంతకం కోసం మీరు ఆయన వెనక తిరుగుతారు. ప్రారంభ సమయం, హాజరైనవారు, రానివారు, ఎవరు ఏ భాషలో ఏ రకం ప్రమాణం చేశారు, అభ్యంతరాలు, వాటి మీద తీసుకున్న నిర్ణయం, ఓట్ల వివరం, ముగింపు సమయం. అభ్యంతరం చిన్నదైనా రాయండి.

రాలేకపోయినవారి పేర్లతో వేరే జాబితా తయారుచేయండి. ఆసుపత్రిలో ఉన్నవారు, జైల్లో ఉన్నవారు, అలిగినవారు, అందరూ అందులోకే. ప్రమాణానికి చట్టంలో గడువు ఉంటుంది, అది దాటితే సభ్యత్వానికే ముప్పు. గడువు తేదీని లెక్కగట్టి వారికి రాతపూర్వకంగా పంపండి. తర్వాత చేసే ప్రమాణానికీ అదే పత్రం, అదే సంతకం, అదే పుస్తకం. చాంబర్‌లో టీ తాగుతూ నోటితో అనిపించి పంపించేస్తే కుదరదు.

ప్రమాణ పత్రాల అసలు ప్రతులు వార్డు వరుసలో కుట్టించి, పేజీలకు అంకెలు వేసి, బీరువాలో పెట్టండి. నకళ్లు కలెక్టరు కార్యాలయానికి, ఎన్నికల సంఘానికి. చివరగా, ఎవరూ అడగని ఒక కాగితం మీ చేత్తో రాసి ఆ ఫైలు మొదట్లోనే పెట్టండి: జనరేటర్ ఎందుకు ఆగింది, ఏ నోటీసు ఎవరు తీసుకోలేదు, ఎవరి పేరు తప్పు పడింది, ఎన్ని కుర్చీలు తక్కువయ్యాయి. ఐదేళ్ల తర్వాత ఆ బీరువా తెరిచేది ఇంకెవరో కొత్త గుమాస్తా, అతనికిది మొదటిసారి.